ఇస్త్రీబల్ల దగ్గర వాసన

మా గుమ్మం పక్కన గోడమీద సుద్దతో ఇంటూ గుర్తు వేసి వెళ్ళారు. కుష్ఠువ్యాధిని దేశంలో లేకుండా చెయ్యాలని ఇంటింటికీ తిరుగుతున్న ఆరోగ్యశాఖ వాళ్ళు. ఇంట్లో అందరినీ చూసేస్తే నిలువు గీత, ఎవరైనా మిగిలిపోతే ఇంటూ. "నాకూ మా ఆయనకీ ఏ మచ్చల్లేవు, పిల్ల వాళ్ళత్త ఊరెళ్ళింది" అని గుమ్మంలోంచే పంపేశాను. అప్పుడు మా పదేళ్ళ కూతురు పిట్ట లోపలిగదిలో బట్టలమూట వెనక నక్కి ఉంది.

దాని వీపు మీద పాలిపోయిన మచ్చ ఒకటి పది రోజుల కిందట నీళ్ళు పోస్తుంటే కనిపించింది. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అదే జబ్బయితే బడిలో దాని పక్కన ఎవరు కూర్చుంటారు?

మా ఆయన దర్జీ. ముందుగదిలో ఆయన కుడతారు, లోపలిగదిలో నేను ఇస్త్రీ చేస్తాను. సంగతి చెబితే నోట్లోంచి గుండుసూదులు తియ్యకుండానే నవ్వారు. "భయపడ్డానికి ఏమీ దొరక్కపోతే, ఎందుకు దొరకలేదా అని భయపడతావు నువ్వు."

ఆ గుర్తును తడిగుడ్డతో తుడిచేశాను. గోడ ఆరగానే మళ్ళీ తెల్లగా పైకి తేలింది. మూడుసార్లు తుడిచినా అంతే.

అలాంటి మచ్చ మీద తాకినా తెలియదని ఎవరో అనగా విన్నాను. అందుకని బడి నుంచి రాగానే పిట్టను ముక్కాలిపీట మీద అటు తిప్పి కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, దారప్పోగు మచ్చకు ఆనించేదాన్ని.

"తగిలిందా?"

"ఆఁ."

నా మాట కాదనలేక అంటోందేమో! మర్నాడు తాకకుండానే అడిగాను.

"ఇంకా పెట్టందే ఎలా తగుల్తుందే అమ్మా?"

అద్దంలో చూస్తోందేమోనని అద్దాన్ని గోడకు తిప్పేశాను. ఈసారి చాలాసేపు ఆనించాను. పిట్ట కదల్లేదు.

"అమ్మా, దారం కింద పడింది" అంది అది, కళ్ళు తెరిచి.

నిజమే. నా వేళ్ళ మధ్య ఏమీ లేదు. ఎప్పుడు జారిందో నాకు తెలియలేదు. ఎవరో మెల్లగా లాక్కున్నట్టు అనిపించి వెనక్కి చూశాను. ఎవరూ లేరు.

మచ్చ కనిపించిన రోజుల్లోనే ఇంట్లో ఒక వాసన మొదలైంది. వెంట్రుకలు కాలినట్టుండేది. బట్ట మాడిందేమోనని ప్రతిదీ దులిపి చూశాను. ఒక్క మరక లేదు. "నీ భయం ముక్కుకెక్కింది" అన్నారు మా ఆయన. కానీ వంటగదిలోకి వెళితే అక్కడా ఆ వాసనే.

"నువ్వొస్తేనే వస్తోందమ్మా" అంది పిట్ట.

గుర్తు వేసి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. నేను వద్దనేలోపే పిట్ట తీసేసింది. ఆరోగ్యశాఖ ఆవిడ గోడమీది గుర్తును, పిట్టను, నన్ను చూసి నవ్వింది. "అత్త ఊరు దగ్గరే ఉన్నట్టుందే!"

తలెత్తలేకపోయాను. ఆవిడ పిల్లను లోపలిగదిలో కిటికీ వెలుగులో కూర్చోబెట్టి పెన్ను మొనతో మెల్లగా తాకుతూ చూసింది. తాకిన ప్రతిసారీ పిట్ట వేలితో సరిగ్గా చూపించింది.

"ఇది పిల్లలకొచ్చే మామూలు పొడమచ్చ అక్కా. బెంగేం లేదు."

పిట్టను ముద్దుపెట్టుకుని, తొందరగా ఇవ్వాల్సిన చొక్కా గుర్తొచ్చి, కాగి ఉన్న ఇస్త్రీపెట్టె అందుకున్నాను. మళ్ళీ ఆ వాసన. ఈసారి మరీ దగ్గరగా.

"చూడండి, ఇదే! మీకూ వస్తోందా?" అన్నాను.

"అక్కా, చెయ్యి తియ్యి!" ఆవిడ అరిచింది.

నా కుడిచేతి చిటికెనవేలు ఇస్త్రీపెట్టె అంచుకు ఆని ఉంది. దాని పక్క నుంచి సన్నటి పొగ లేస్తోంది. ఎవరి వేలో అన్నట్టు చూస్తుండిపోయాను. ఆ వేలి కిందివైపు పాత బొబ్బలు రెండున్నాయి. అవి ఎప్పటివో!

ఆవిడ వేలిని చల్లటి నీళ్ళలో ముంచింది. తర్వాత నా మోచేతి వెనక నరాన్ని తడిమింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "డాక్టరుగారు చూసి తేల్చాలి. ఆ జబ్బే అయినా మందులున్నాయి, ఊరికే ఇస్తారు, నయమైపోతుంది. ముందు ఇలా కూర్చో."

పిట్ట తన ముక్కాలిపీట నాకు జరిపింది. "కళ్ళు మూసుకో అమ్మా. తగిలిన చోట చూపించాలి, అంతే."

కళ్ళు మూసుకున్నాను. ముందుగదిలో మిషను ఆగింది. నా చెయ్యి ఒళ్ళో ఉందో లేదో తెలియలేదు. ఎంతసేపు కూర్చున్నా ఆవిడ మొదలుపెట్టదే!

"కానివ్వండమ్మా, చొక్కా కోసం వచ్చేస్తారు" అన్నాను.

నా చెవి పక్కన పిట్ట ఊపిరి వినిపించింది.

"పెన్ను పెడుతూనే ఉందమ్మా" అంది.