మఖ్మల్ మీది బెజ్జాలు

సదాశివ పోయాక కూడా, బట్టకు జరీతాడు కుట్టే ఆయన డోరీ మిషన్ పెడల్ ఆగలేదు. బొంబాయి రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా జహీరాబాద్ బజారు చివరనున్న ఆ చిన్న దుకాణంలో నేల అదిరేది. నేల అదిరితే పెడల్ ఒకసారి కిందికి పోయి మళ్లీ పైకి వచ్చేది. ఆయన ఉన్నప్పుడు కూడా కదిలేదేమో. దాని మీద ఎప్పుడూ ఆయన పాదం ఉండేది కాబట్టి ఎవరూ చూడలేదు.

"ఇంకా కుడుతనే ఉన్నడు," అంది పక్కింటి బస్వమ్మ, గడప దాటకుండానే.

"లారీలకు గట్ల కదులుతది, వదినా," అంది సదాశివ భార్య భాగీరథి.

"మా ఇంట్ల గూడ మిషనున్నది. అదేం కదలదు మరి."

మిషన్ మీద ఎర్ర మఖ్మల్ కోటు పరిచినట్టే ఉంది. అది బ్యాండుమేళం ఈరయ్యది. పక్కలు కలిపి కుట్టకముందే డోరీ వెయ్యాలని సదాశివ దాన్ని పలకలాగా పరిచి పెట్టుకున్నాడు. ఎడమ అంచు దగ్గర మొదలైన బంగారు డోరీ తీగలు తీగలుగా ఎదమీదికి పాకి, భుజందాకా వచ్చి ఆగింది. అక్కణ్నుంచి గజం పొడుగు డోరీ ఏ కుట్టూ లేకుండా వదులుగా పడి ఉంది.

ఆ వదులు డోరీని చూసినప్పుడల్లా ఆమెకు ఆ సాయంత్రం గుర్తొచ్చేది. చివరి రోజు పొద్దుగూకేటప్పుడు, ఒళ్లు కాలిపోతున్నా వినకుండా ఆయన మిషన్ మీద కూచున్నాడు. "చాలు, లేవుండ్రి. జర బువ్వ తినుండ్రి," అని ఆమె వెనకింట్లోంచి పిలిచింది. చాలాసేపటికి మిషన్ చప్పుడు ఆగింది. "అయిపోయింది. వస్తున్న," అన్నాడు ఆయన. తెల్లారేసరికి దవాఖానలో పోయాడు. తిరిగి వచ్చి చూస్తే కోటు సగమే అయింది. పదహారేళ్ల కాపురంలో ఆయన ఆమెతో అబద్ధం ఆడలేదు. ఆడిన ఒక్క అబద్ధం ఆఖరి మాట అయింది.

ఈరయ్య వచ్చి కోటును దూరం నుంచే చూశాడు.

"చెల్లె, నేను లగ్గాలల్ల వాయించెటోన్ని. సచ్చినాయన సగం కుట్టిన కోటు ఏసుకొని పెండ్లిపిల్ల ముందట నిలబడ్తనా? అంత ఇప్పి కొత్తగ కుట్టియ్యి. సంత నాటికి గావాలె."

"కుట్టిస్త అన్నా."

"ఎవరితోని?"

"నేనే."

ఆ మాట బావగారు చెన్నబసప్ప చెవిన పడింది. ఆయన మొగుడంపల్లి నుంచి బండి కట్టుకొని వచ్చి, మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బీదర్ నుంచి మనిషొస్తడు సంతకు. మిషన్ ఆయనకు అమ్మి నువ్వు మా ఇంటికొచ్చెయ్యి. కంది చేన్ల పనికి మనుషులు దొరుకుతలేరు."

"కోటు పూర్తి అయితే?"

"అయితే మిషన్ ఉంచుకో. అయ్యేదున్నదా? బల్ల కింద పిడి తిప్పుడు అంటే రొట్టె తిప్పుడు అనుకుంటున్నవా?"

పిడి సంగతి ఆమెకు తెలుసు. మామూలు మిషన్‌లో బట్టను చేత్తో తిప్పుతారు. దీంట్లో బట్టను తిప్పరు. బల్ల కిందున్న పిడి ఎటు తిరిగితే పైన సూది పక్కనున్న మిషన్ పాదం అటు తిరిగి, బట్టను అటే లాక్కుపోతుంది. డోరీ సూది పక్క గొట్టంలోంచి దిగుతుంటే, సూది కొక్కెం బల్ల కిందినుంచి దారాన్ని పైకి లాగి డోరీని బట్టకు గొలుసుకుట్టుతో పట్టేస్తుంది. ఆయన అన్నం తినే వేళల్లో ఆమె లంగాల అంచులకు డోరీ వేసేది. తీగలు మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు.

మధ్యాహ్నం తలుపు దగ్గరేసి, ఆమె కోటును మిషన్ మీంచి తీసింది. గొలుసుకుట్టు కొస ముడి పడకపోతే నిలవదు. భుజం దగ్గర దారం కొస పట్టుకొని లాగింది. సర్రుమని మొత్తం ఊడివచ్చింది. ఆయన చేసిన పనంతా ఆమె ఒళ్లో దారం కుప్పయి పడింది. డోరీ పాములా జారి నేల మీద చుట్ట చుట్టుకుంది.

మఖ్మల్ మాత్రం ఆయన్ను వదల్లేదు. డోరీ ఉన్నచోటల్లా నూగు అణిగి నల్లటి చార పడింది. చార మధ్యలో సూది బెజ్జాలు చీమల బారులా ఉన్నాయి. భాగీరథి డోరీని మళ్లీ గొట్టంలోకి ఎక్కించి, ఎడమ అంచున మొదటి బెజ్జం మీద సూది దించింది. పిడి పట్టుకుంటే కర్ర మీద ఆయన వేళ్లు అరగదీసిన గుంటలు తగిలాయి. తన వేళ్లు వాటిలో కూర్చున్నాయి.

మెలిక దగ్గర పిడి ముందుగానే తిరుగుతున్నట్టు అనిపించింది. ఆమె భయపడి చెయ్యి తీసేసింది. పిడి ఆగింది. మళ్లీ పట్టుకుంది. రెండు రోజులు అట్లా ఆయన బెజ్జాల వెంటే పోయింది. మూడో రోజు పొద్దున భుజం దగ్గరికి వచ్చింది. ఇక్కణ్నుంచి దారి తనదే అనుకొని, సుద్దతో గీసుకుందామని బట్టను వెలుతురుకు ఎత్తి పట్టింది.

బెజ్జాలు ఆగలేదు.

భుజం దాటి, వీపు మీదుగా కుడి ఎదమీదికి తీగ తీగగా దిగాయి. అక్కడ చార లేదు, నూగు అణగలేదు, ఉత్త బెజ్జాలే. భాగీరథి వేలితో తడుముతూ పోయింది. ఆ సాయంత్రం భుజం దగ్గరే బల్ల కింద దారం తెగింది. జ్వరం కమ్మిన ఆయన కళ్లకు అది కనబడలేదు. పట్టే దారం లేక డోరీ వదులుగా జారిపోతుంటే, ఆయన దారం లేని సూదితో తొక్కుతూ, మెలిక మెలికకూ పిడి తిప్పుతూ పోయాడు. కుడి అంచు కొసన, కుట్టు ఊడకుండా ముడి వేసినట్టు, ఒకేచోట మూడు పోట్లు ఉన్నాయి.

ఆమె ఆ మూడు పోట్ల మీద వేలు పెట్టి చూసి, బట్టను మళ్లీ సూది కింద పరిచి ఆ బెజ్జాల వెంటే పిడి తిప్పింది.

సంత నాడు ఈరయ్య కోటు తిప్పి చూశాడు. చెన్నబసప్ప బీదర్ మనిషిని గడపలోనే నిలబెట్టాడు.

"ఇది సదాశివ చెయ్యి," అన్నాడు ఈరయ్య నెమ్మదిగా. "అంత ఇప్పినవా, చెల్లె?"

"ఒక్క దారం గూడ ఉంచలే, అన్నా. పిడి నేనే తిప్పిన."

ఈరయ్య ఆమె ముఖం కేసి చూశాడు. కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. చెన్నబసప్ప గొంతు సవరించుకొని, "ఎడ్లకు ఎండైతది," అని బయటికి నడిచాడు. బీదర్ మనిషి ఆయన వెంట పోయాడు.

అందరూ పోయాక భాగీరథి కంచంలో రొట్టె, పప్పు పెట్టి తెచ్చి మిషన్ పక్కన నిలబడింది.

"అయిపోయింది," అంది. "మీరన్నది నిజమే. లేవుండ్రి ఇగ."

బొంబాయి రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. నేల అదిరింది. గూట్లో గాజుబుడ్డి గలగలమంది.

పెడల్ కదల్లేదు.

ఆమె కంచం పట్టుకొని అట్లాగే నిలబడి, ఇంకో లారీ కోసం ఎదురుచూసింది.