ఆరో చంద్రుడు, నాలుగోసారి

మూడో భాగం కూడా మొదట్లో ఇలాగే బాగుందనిపించింది కదా, మంచు, చీకటి, దూరంగా ఒక దీపం, తీరా ఇంటర్వెల్ దాటేసరికి తుపాకులు, పేలుళ్లు, హీరో గాల్లో ఎగరడం, కాబట్టి ఇప్పుడే సంతోషపడకూడదు అనుకుంటూ నాగరాణి కుర్చీలో వెనక్కి జరిగింది, జరిగి మళ్లీ ముందుకే వంగింది, తెర మీద పేర్లు పడుతున్నాయి, ఆరో చంద్రుడు నాలుగో భాగం, ఇరవై ఏళ్లు ఊరుకున్నవాళ్లు ఇప్పుడెందుకు తీశారని అందరూ అడుగుతున్న సినిమా, సంగీతం ఎవరో, కెమెరా ఎవరో, అవన్నీ వచ్చి పోతున్నాయి, ఆమె చూడాలనుకున్నది ఒక్కటే, అది రానే వచ్చింది, మాటలు అంజలి, నల్లటి ఆకాశం మీద తెల్లటి అక్షరాలు, పక్క సీట్లో ఉన్న తల్లి హన్మమ్మ మోచెయ్యి పట్టుకుని, అవ్వా, సూడు, నీ మనుమరాలి పేరు, అనేలోపే అది వెళ్లిపోయింది, ఏదే, ఏడుందే, అని హన్మమ్మ తెరంతా వెతుకుతోంది, పోయిందవ్వా, అయిపోయినంక మళ్లొస్తది, అంది నాగరాణి, పేరు పోయిన చోటే చూస్తూ నవ్వుకుంది, ఇది సంతోషపడటం కిందికి రాదులే, పేరు వేరు, సినిమా వేరు.

పేరు గలామె మాత్రం లోపలికి రాలేదు, ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుంది, పొద్దున తాండూరు స్టేషన్లో ముగ్గురూ కలుసుకున్నప్పుడే చెప్పేసింది, నాగరాణి వికారాబాద్ నుంచి రైల్లో వచ్చింది, హన్మమ్మ బషీరాబాద్ నుంచి షేర్ ఆటోలో వచ్చింది, అంజలి హైదరాబాద్ నుంచి ఏ బస్సు పట్టుకుని వచ్చిందో, కళ్ల కింద నల్లగా ఉంది, తిన్నవా బిడ్డా అని అడిగితే తిన్న అని, వెంటనే, అమ్మా, నేను లోపలికి రాను, సినిమా నడిసినంత సేపు నీ మొహమే సూస్త, నాతోని కాదు, నువ్వు సూసి రా, మంచిగ లేకుంటె మంచిగ లేదనే చెప్పు, నా బిడ్డ రాసిందని ఎక్కువ మార్కులెయ్యకు, అంది, నాగరాణికి నవ్వొచ్చింది, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నాగరాణి మేడం ఎవరికైనా ఎక్కువ మార్కులు వేసిందని వికారాబాద్‌లో ఏ ఒక్క పిల్లా అనగా ఎవరూ వినలేదు, ఆ నవ్వు సగంలోనే ఆగింది, ఎందుకంటే రెండేళ్ల కింద ఇదే బిడ్డ ఇంటికొచ్చి, అమ్మా, ఆరో చంద్రుడు మళ్ల తీస్తున్నరు, మాటలు నన్నే రాయమన్నరు, అని వంటగది గడపలో నిలబడి చెప్పినప్పుడు, తను చేతిలో గరిటె కింద పెట్టకుండానే, దాని జోలికి పోకు బిడ్డా, మూడో దానితోనే దాని పని ఒడిసింది, అంది, మొదటి భాగాన్ని అంత ప్రేమించిన మనిషి ఇంకేమంటుంది, కానీ అంజలి మొహం చిన్నబోయింది, నువ్వు సూడకముందే మార్కులేస్తవమ్మా, అంది, ఆ తర్వాత ఫోన్లో తిండి, జ్వరం, వాన, అన్నీ మాట్లాడుకున్నారు, ఈ సినిమా ఒక్కటి తప్ప.

ముందు సీట్లో కూర్చున్న బాల్‌రాజ్ గట్టిగా నిట్టూర్చాడు, నాపరాళ్ల పాలిషింగ్ చేసే మనిషి, టికెట్ లైన్లో తనంత తానే పలకరించాడు, మూడు భాగాలూ థియేటర్లనే సూసినోన్ని మేడం, ఇది ఎట్ల తీసిన్రో సూడాలె, పాడు చేసిన్రంటె ఊకోను, అని, ఎవరి మీద ఊరుకోడో మరి, ఆ రాసినామె రోడ్డుకు అవతల చాయ్ తాగుతోందని తెలియదు పాపం, సినిమా మెల్లగా నడుస్తోంది, భూమి మీద ఆఫీసులు, మీటింగులు, ఆరో చంద్రుడి నుంచి ఇంకా సిగ్నల్ వస్తోందా రావట్లేదా అని వాదనలు, వస్తోందని అందరికీ తెలుసు కదా, పంపేది మొదటి భాగంలో మిగతావాళ్లు తిరిగి రావడానికి దారి తెలియాలని ఆ మంచులో సిగ్నల్ దీపం దగ్గర ఒక్కతే ఉండిపోయిన పైలట్ వైదేహి, తర్వాతి రెండు భాగాలూ ఆమెను మరిచేపోయాయి, ఇప్పుడు వెతకడానికి వెళుతున్నారు, బాగానే ఉంది, కానీ ఇంత సేపు మీటింగులెందుకు, నడుమ అక్కర్లేని పాట ఒకటి, నాగరాణి లోపల లోపలే ఒక మార్కు తీసేసింది, తీసేసి అరచేతులు ఒత్తుకుంది, ఈ పాట అంజలి రాసింది కాకపోతే బాగుండు.

ఉన్నట్టుండి హాల్లో చప్పుడు ఆగిపోయింది, తెర మీద వెతకడానికి వెళ్లిన నౌక ముక్కలైపోతోంది, రేకులు చీలుతున్నాయి, మంట ఒక్క క్షణం విచ్చుకుని ఆరిపోయింది, లోపలివాళ్లు చిన్న పడవలాంటిదాంట్లోకి దూకుతున్నారు, కానీ ఒక్క శబ్దం లేదు, వెనక ఎవరో ఈల వేశారు, సౌండ్, సౌండ్, అని కేకలు, బాల్‌రాజ్ లేచి నిలబడి ఆపరేటర్ గది వైపు చెయ్యి ఊపుతూ, ఏ భయ్, సౌండ్ పెట్టు జర, అంటున్నాడు, తమ్మీ, కూసో, సౌండ్ పోలే, ఆడ గాలి లేదు, గాలి లేని కాడ సప్పుడు ఎట్లొస్తది, అంది నాగరాణి, అంత గట్టిగా అనాలనుకోలేదు, చుట్టుపక్కల నాలుగు తలలు తిరిగాయి, బాల్‌రాజ్ మళ్లీ తెర వైపు తిరిగి, అరె, అవు గద, మూడో దాంట్ల డాం డాం మనిపిచ్చిన్రు, అని కూర్చున్నాడు, అవును, అనిపించారు, ఒకటో తరగతి అంజలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ మూడో భాగం చూసింది ఇదే హాల్లోనే, అప్పుడు ఇనప కుర్చీలు, ఇంటికి పోయే రైల్లో రుక్మాపూర్ దాటేదాకా ఆ డాం డాం మీద తను కోపంగా మాట్లాడుతూనే ఉంది, పిల్ల నిద్రపోయిందనుకుంది, అంతా వింటూనే ఉందన్నమాట, ఇప్పుడు హాల్లో కేకలు తగ్గాయి, అందరూ ఆ నిశ్శబ్దంలోకి వంగి చూస్తున్నారు, ఇంతమందిని ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టడం పేలుళ్లతో అయ్యే పని కాదు, నాగరాణి తీసేసిన మార్కు తిరిగి వేసింది, ఇది ఊరికే ఇచ్చింది కాదు, సంపాదించుకున్నది.

ఆ పడవలోంచి బతికి బయటపడిన కుర్ర పైలట్ ఆరో చంద్రుడి మీద మంచులో పడుతూ లేస్తూ దీపం దాకా వెళ్లింది, తలుపు తట్టింది, తలుపు తెరుచుకుంది, హాల్లో ఈలలు, చప్పట్లు, మొదటి భాగంలో చేసిన అదే నటి, జుట్టు ముగ్గుబుట్టయింది, మొహం నిండా ముడతలు, మేకప్ కాదు, వయసే, వైదేహి చాలాసేపు ఆ పిల్లను చూసింది, నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచి, ఎవలు బిడ్డా నువ్వు, ఇంత సలిల ఎట్లొచ్చినవు, అంది.

హాల్లో కప్పు లేచిపోయేలా అరుపులు, నాగరాణికి అవేవీ వినపడలేదు, చెవుల్లో ఆ ఒక్క మాటే, ఇంత సలిల, చలిలో అని కాదు, సలిల అని, తెర మీద కుర్ర పైలట్ తడబడుతూ, మీ రికార్డులన్నీ విన్నాను, మీరు ఇలా మాట్లాడేవారు కాదు, అంటోంది, వైదేహి నవ్వింది, అది డ్యూటీల మాట్లాడిన మాట బిడ్డా, ఇన్నేండ్లు ఒక్కదాన్నే ఉన్న, నాతోని నేను మాట్లాడుకున్నప్పుడు నా మాటే వస్తది గద, అంది, హన్మమ్మ నాగరాణి చెయ్యి గుంజి, ఎవలింటామెనే ఈమె, మన దిక్కామె లెక్కుంది, అని అడిగింది, అంతే, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ, నాయిన గొంతు వచ్చేసింది, తను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయిన దేవప్ప తాండూరు సంతలో పొట్టేళ్లు అమ్మి, పట్టుబట్టిన బిడ్డను మొదటి భాగానికి తోలుకొచ్చాడు, భుజం మీది గొంగడి కూడా తీయకుండా సినిమా అంతా కళ్లార్పకుండా చూశాడు, బయటికొచ్చాక తను, నాయినా, గా వైదేహి ఏ ఊరామె, అని అడిగితే, ఏ ఊరో ఏమో బిడ్డా, మన దిక్కామె అయితె కాదు, మన దిక్కోళ్లు గట్ల మాట్లాడరు, అన్నాడు, ఏ బాధా లేకుండా, ఉన్నమాట అన్నట్టే అన్నాడు, కానీ ఆ మర్నాటి నుంచే తను బడిలో వైదేహిలా మాట్లాడటం నేర్చుకుంది, వెళ్తున్నాను, వస్తున్నాను, చూడండి పిల్లలూ, ఇప్పటికీ క్లాసులో అదే మాట, స్టాఫ్ రూమ్‌లో అదే మాట, నాయిన అన్న సంగతి అంజలికి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పేంత పెద్ద సంగతని కూడా అనుకోలేదు, అయినా ఆ పిల్ల వైదేహిని ఇక్కడిదాన్ని చేసింది, అడగకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా, అంత దూరంలో, అంత మంచులో, నాగరాణి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ముందు సీట్లో బాల్‌రాజ్ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ, వామ్మో, వైదేహమ్మా, అని తనలో తనే అనుకుంటున్నాడు.

చివర్లో మళ్లీ వెంబడించడం పెట్టారు, మంచు మీద బండ్లు, ఎందుకో, ఎవరి బలవంతమో, అది బాగాలేదు, బాగాలేదనే చెప్పాలి, వైదేహి దీపాన్ని ఆ కుర్ర పైలట్ చేతికి అప్పజెప్పిన తీరు బాగుంది, అదీ చెప్పాలి, హాలు బయట ఎండ కళ్లలో గుచ్చుకుంది, రోడ్డు మీద బండల లారీలు లేపిన తెల్లటి దుమ్ము, అవతల అంజలి లేచి నిలబడింది, చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది, నిండుగా, తాగనే లేదు, హన్మమ్మ మనుమరాలి గదుమ పట్టుకుని ముద్దు పెట్టుకుంది, నీ పేరు నేను సూడలేకపోయిన బిడ్డా, ఆఖర్ల గూడ గబగబ పోయింది, గానీ ముసలామె మస్తు మాట్లాడింది, అంది, అంజలి అమ్మమ్మను పట్టుకునే తల్లి వైపు చూసింది, ఎట్లుంది, అంది, నాగరాణి ఏదీ దాచుకోకుండా చెప్పింది, ముంగట ఆ మీటింగులు సాగినయి, పాట తీసెయ్యాలె, చివర బండ్లెంబడి ఉరుకుడు నాకు నచ్చలే, పాట నేను రాయలేదమ్మా, అంది అంజలి, సరే, నువ్వు రాయకున్నా తీసెయ్యాలె, అంది నాగరాణి, అంజలి పెదవి కొరుక్కుంది, మొదటి దాని పక్కన నిలవడతదా, అది చెప్పు, నిలవడతది, అంది నాగరాణి, అని ఆగలేదు, వైదేహి నోరు తెరిసిన కాడ మొదటి దానికంటె మీదనే ఉంది, నేను ఉత్తగ చెప్తనా, అంజలి గ్లాసు బల్ల మీద పెట్టి తల్లి చెయ్యి పట్టుకుంది, మళ్ల చెప్పు, అంది చిన్నపిల్లలాగా, ఒక్కపారే చెప్త, అంది నాగరాణి, అంటూనే బిడ్డ తలను భుజానికి అదుముకుంది, ఇటు వస్తున్న బాల్‌రాజ్ ఆగి చూస్తున్నా సిగ్గుపడలేదు, తమ్మీ, ఈమెనే రాసింది, నా బిడ్డ, అని తనే చెప్పింది, చెబుతుంటే తెలిసింది, ఇన్నేళ్లూ తను ఆ మొదటి సినిమాను ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాస్తూ వచ్చింది, ఈ రెండేళ్లూ ఆ సినిమా దెబ్బ తగలకుండా బిడ్డకూ కాపలా కాయాలనుకుంది, ఈ పొద్దు కూడా ఆ భయంతోనే రైలెక్కింది, కానీ లోపల చీకట్లో ఈల వేసినవాళ్లలో, ఏడ్చినవాళ్లలో తను ఒకతె, అంతే, సినిమా దానంతట అదే నిలబడింది, బిడ్డా నిలబడింది, రెండింటికీ ఇక తన కాపలా అక్కర్లేదు.