మాణిక్ గిర్ని ముందర డబ్బాల వరుస

జహీరాబాద్ మార్కెట్ యార్డు వెనుక సందులో మాణిక్ పిండి గిర్ని ఉదయం ఐదున్నరకు తెరుచుకుంటుంది. గిరాకీ వాళ్లు ముందునాటి సాయంత్రమే తమ డబ్బాలు తెచ్చి షటరు ముందు వరుసగా పెట్టిపోతారు. నూనె డబ్బాలు, డాల్డా డబ్బాలు, మూతలున్న స్టీలు డబ్బాలు. అందరూ కూలికో నౌకరీకో పోయేవాళ్లే కనుక మరునాడు పని ముగిశాక వచ్చి పిండి తీసుకుంటారు.

పెట్టిన వరుస తెల్లవారేసరికి అలాగే ఉండదు. ఇంట్లో పిండి నిండుకున్నవాళ్ల డబ్బా, ఎవరూ ముట్టకుండానే, దానంతట అదే ముందుకు జరుగుతుంది. అవసరం ఎంతో, అంత ముందుకు. మాణిక్ తండ్రి గిర్ని పెట్టిన నాటి నుంచీ ఇంతే. వెనుకబడినవాళ్లు, "వాళ్ల డబ్బ ముంగటికొచ్చింది" అనుకొని ఆగుతారు. ముందున్న డబ్బాను ముందు పట్టాలన్నది ఆ సందులో ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు.

అయితే గిర్ని ఇక నడిచే స్థితిలో లేదు. హైవే మీద మదన్‌మోహన్ కొత్త మిల్లు పెట్టిన తరువాత గిరాకీ సగానికి పడిపోయింది. పాత మోటారును కొనడానికి ఒకాయన రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. మిగిలిన ఆశ ఒక్కటే. ఆడపిల్లల హాస్టలుకు రోజూ ఉదయం ఎనిమిదింటికల్లా రొట్టెలకు జొన్నపిండి పంపే ఆర్డరు అది. జొన్నల బస్తాలు గిర్నివే. నెల రోజులు చూస్తామన్నారు. ఆ నెలలో మూడుసార్లు ఆలస్యమైతే ఆర్డరు మదన్‌మోహన్‌కు పోతుంది, మోటారు ఆ కొనేవాడికి పోతుంది.

మాణిక్ కూతురు సహస్ర కామర్సు డిగ్రీ చదివింది. హైదరాబాదులో పనిచేసిన ప్యాకింగు కంపెనీ మూతపడగా ఇంటికి తిరిగివచ్చింది. వారం రోజులు ఫోనులో సమయం చూస్తూ, నోటుబుక్కులో రాస్తూ గిర్నిలోనే కూర్చున్నది.

"బాపూ, మోటరు ఏడు గంటలు తిరుగుతున్నది. పిండి పట్టేది మూడు గంటలే. మిగతాదంత రాయి సాఫ్ చేసుడు, బిగించుడు, మల్ల వదులు చేసుడే."

"గింజ మారితె రాయి సదరాలె గద."

"గింజ మాటిమాటికి మారకుంట చేస్తె?"

సహస్ర అట్ట మీద సమయాలు రాసి గోడకు తగిలించింది. ఎనిమిది వరకు హాస్టలు బస్తాలు, పది వరకు జొన్న డబ్బాలు, తరువాత గోధుమలు, ఆ తరువాత బియ్యం.

ఆ అట్ట మీద చోటు దొరకని డబ్బా ఒకటే, హనుమమ్మది. అరవై దాటిన మనిషి. యార్డులో కాంటాల కింద రాలిన గింజలు ఊడ్చి తెచ్చుకుంటుంది. జొన్నలు, గోధుమలు, మక్కలు, శనగలు అన్నీ ఆమె సొట్టల డాల్డా డబ్బాలో కలిసే ఉంటాయి.

"నాది ఏ టైము బిడ్డా?" అని అడిగింది హనుమమ్మ.

"నీది ఆఖరుకు, పెద్దమ్మా. కలిసిన గింజలు నడుమల పడితె మల్ల రాయి సాఫ్ చెయ్యాలె. అర్ధగంట పోతది."

"నన్ను ఏరుకొని రమ్మంటవా ఏంది? జొన్నలొక దిక్కు, గోధుమలొక దిక్కు ఏరెటాల్లకు రొట్టె కాదు, నన్నే కాలుస్తరు."

అట్ట తగిలించిన మరునాడే ఆరు డబ్బాలు బస్తాలకంటే ముందుకు వచ్చి నిలబడ్డాయి. మాణిక్ కట్టుబాటు తప్పలేదు. హాస్టలు ఆటో గంటసేపు ఆగింది. మొదటి ఆలస్యం.

సహస్ర ఆ సాయంత్రమే డబ్బాల పిడులన్నిటిలోంచి ఇనుప తీగ దూర్చి, రెండు కొసలూ షటరు కొక్కేలకు బిగించింది. తొమ్మిది రోజులు పిండి వేళకు పోయింది. తెల్లవారుజామున డబ్బాలు ఒకదానికొకటి తగులుకుంటూ చప్పుడు చేసేవి. తీగ సన్నగా మోగేది. ఆ తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు హనుమమ్మ వంతు వచ్చేలోపే కరెంటు పోయింది. ఆమె పట్టని గింజలనే తీసుకుపోయి ఉడకబెట్టుకున్నది.

పదవ రోజు ఉదయం బస్తాలు పడుతుండగా ఆమె డబ్బా దానంతట అదే ముందుకు గుంజుకున్నది. కొక్కెం ఊడింది. తీగకు కట్టి ఉన్న వరుసంతా ఆ డబ్బా వెంట లోపలికి ఈడ్చుకు వచ్చింది. ఒక డబ్బా బెల్టుకు తగిలి బెల్టు జారింది. గింజలు నేలపాలయ్యాయి. రెండవ ఆలస్యం.

హాస్టలు ఆటో నడిపే దేవరాజ్ నేల మీది గింజలను తొక్కకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. "వార్డెన్ మేడం చెప్పమన్నది, చెల్లె. ఇంకొక్కసారైతె నా ఆటో సీదా మదన్‌మోహన్ మిల్లుకే. నన్ను తిట్టుకోవద్దు."

మధ్యాహ్నం సహస్ర గొలుసు కొనితెచ్చింది. దానిని బిగించడానికి గట్టి ఆధారం వెతుకుతూ మిషను కిందికి వంగింది. అక్కడ చీకట్లో ఒక డబ్బా ఉన్నది. దాని మీద ఎర్ర రంగుతో 'మాణిక్' అని రాసి ఉన్నది. మిషను కాలికి దానిని తాడుతో కట్టారు. నూనె పీల్చి తాడు నల్లబడింది. డబ్బా ముందుకు గుంజుకుంటూ ఒరుసుకున్న మేరకు సిమెంటు నేల వంపుగా, వేలు పట్టేంత లోతుగా అరిగిపోయి ఉన్నది.

"బాపూ, ఇదెప్పటి సంది?"

మాణిక్ బెల్టు సరిచేస్తున్నాడు. తల ఎత్తలేదు. "మీ అమ్మ దవాఖానల ఉన్నప్పటి సంది."

"నువ్వే కట్టినవా?"

"ముంగటికొస్తె సందు సందంత చూస్తది గద, బిడ్డా."

సహస్ర మూత తీసింది. అడుగున పిండి జాడ కూడా లేదు. ఇంట్లో తాను తింటున్న రొట్టెలు రోజుకొక రంగులో ఎందుకుంటున్నాయో ఆమెకు అప్పుడు తెలిసింది. గింజ మారినప్పుడల్లా రాయిలో మిగిలినదాన్ని ఊడ్చి తెచ్చిన పిండి అది. గొలుసును పక్కన పెట్టి, బెల్టు కోసే కత్తితో తాడు కోసింది. మాణిక్ వద్దనలేదు. బయటికి పోయి సందు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపటికి గాని లోపలికి రాలేదు.

మరునాడు డబ్బాల వాళ్లందరూ షటరు ఎత్తకముందే వచ్చి ఉన్నారు. గింజలు నేలపాలైన కోపం తగ్గలేదు. బస్సు డిపో వెనుక ఇడ్లీ బండి నడిపే బస్వమ్మ అందరికంటే ముందున్నది.

"నీ బిడ్డ సదువు మా డబ్బలకు సొట్టలు పెట్టింది, మాణికన్నా. ఇంకో పరీక్ష పాసైతె మా నెత్తులకు పెడ్తదేమో."

మాణిక్ షటరు ఎత్తాడు. గడప లోపల అతని డబ్బా నిలబడి ఉన్నది. అందరూ చూస్తుండగానే గడప దాటి, హనుమమ్మ డబ్బా కంటే జానెడు ముందుకు జరిగి ఆగింది.

బస్వమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. హనుమమ్మ వంగి మూత తీసి, లోపల చేయిపెట్టి చూసి, మెల్లగా మూసింది.

"ఇన్నొద్దులు యాడ దాసినవ్, మాణిక్?"

అతడు నేలనే చూస్తున్నాడు.

"సరె. డబ్బ ముంగటికొచ్చింది. నీదే ముందు పట్టు."

"పట్టనీకె గింజ లేదక్కా."

"ఆ బస్తాలెవ్వరివి? నీవి గావా? హాస్టలుకు పోతెనే గద నీ డబ్బల ఇంత పడేది. పట్టు. మేం ఆగుతం."

ఎవరూ అడ్డు చెప్పలేదు. మోటారు తిరిగింది. ఎనిమిదికి పావుగంట ముందే దేవరాజ్ పిండి ఎత్తుకుపోయాడు. తరువాత జొన్న డబ్బాలు. గోడ మీది అట్ట వైపు చూడకుండానే గోధుమల వాళ్లు తమ డబ్బాలను తామే పక్కకు తీసిపెట్టారు.

పది గంటలకు మాణిక్ రాయిని శుభ్రం చేయబోగా సహస్ర అతని చేయి పట్టుకున్నది. "ఆగు బాపూ. ఎట్లయిన సాఫ్ చేసేదే గద. ముందుగల పెద్దమ్మది పొయ్. రాయిల మిగిలిన జొన్నపిండి ఆమె దాంట్ల కలిస్తె నష్టమేంది?"

హనుమమ్మ డబ్బా నిండి, పైన ఇంకొక దోసెడు మిగిలింది. ఆ దోసెడునూ ఆమె మాణిక్ డబ్బాలో పోసింది. సహస్ర అట్ట దించి, పది గంటల దగ్గర ఆమె పేరు రాసింది.

నెల గడిచింది. మూడవ ఆలస్యం జరగలేదు, ఆర్డరు గిర్నికే నిలిచింది. అన్ని రోజులూ మాణిక్ డబ్బా సందు నట్టనడుమ, ముందువరుసలో, పేరు కనబడేలా నిలబడే ఉన్నది. అతడు ప్రతి ఉదయం దాని ముందు తలవంచుకొనే షటరు ఎత్తాడు.

హాస్టలు డబ్బు చేతికి వచ్చాక ఒకనాడు షటరు ఎత్తేసరికి అది ముందు లేదు. మాణిక్ వరుసంతా వెతుక్కుంటూ నడిచాడు. బస్వమ్మ డబ్బా వెనుక, ఏడవదిగా ఉన్నది. కాసేపు దాని దగ్గర నిలబడి, పేరు మీద పడిన పిండిని తువ్వాలుతో తుడిచాడు. తరువాత లోపలికి పోయి, వరుసలో మొదట ఉన్న డబ్బాను రాయి దగ్గరికి ఎత్తాడు.