బుడిపె ఉన్న పక్కటెముక

మా ఠాణాకు ఒక డిగ్రీవాడు వచ్చాడు. పేరు అల్డియార్. అల్మాటీ నగరంలో యూనివర్సిటీలో ఐదేళ్ళు చట్టం చదివాడట. ఆ పట్టాకు అద్దం కట్టించుకుని మరీ ఈ మంచు పల్లెలోకి లెఫ్టినెంటుగా దిగాడు. నేను ఇరవై రెండేళ్ళుగా సార్జెంటుని, నా చదువు ఎనిమిదితో సరి. గోడకు పట్టా తగిలించడానికి మేకు కావాలంటే నేనే వెతికి ఇచ్చాను, అంత ఖర్మ పట్టింది నాకు. అది కొట్టడం కూడా చేతకాక వేలు చితక్కొట్టుకున్నాడు. నగరంలో లాయర్లెవరూ చేర్చుకోలేదా అని అడిగితే, చేర్చుకున్నారని, తనే వద్దనుకుని పోలీసుల్లోకి వచ్చానని చెప్పాడు. కోతలు కోస్తున్నాడనుకున్నాను.

వాడి రోగమల్లా అడగడమే. డిసెంబరులో ఒకరోజు కులియాష్ అనే విధవరాలు ఏడుస్తూ వచ్చింది. ఆమెకున్నది ఒక్కటే ఆడగుర్రం. వేసవంతా దాని పాలు పులియబెట్టి అమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతుంది. తెల్లారేసరికి అది కొట్టంలో లేదు. నేనైతే గుర్రం రంగొక్కటి రాసుకుని పంపేసేవాణ్ణి. వీడు ఆమెకు టీ పోసి కూర్చోబెట్టి మూడు పేజీలు రాశాడు. రెండేళ్ళ కిందట అది మంచు మీద పడి పక్కటెముక విరగ్గొట్టుకుందని, అతికిన చోట బొటనవేలంత బుడిపె కట్టిందని, పాలు పితికేటప్పుడు చేతికి తగిలేదని ఆమె చెబితే అదీ రాశాడు.

"కట్టు కట్టిన డాక్టరు పేరు కూడా రాసుకో," అన్నాను.

వెటకారం కూడా అర్థం కాదు వెధవకి. "కట్టు ఎవరు కట్టారు పిన్నీ?" అని నిజంగానే అడిగాడు. పోయిన తన మొగుడే కట్టాడని చెప్పి ఆమె మళ్ళీ ఏడ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మర్దాన్ ఇంట్లో విందు. చలికాలానికని గుర్రాన్ని కోసినప్పుడు పెద్దల్ని పిలిచి పెట్టడం మర్యాద, ఠాణాను పిలవడం ఇంకా పెద్ద మర్యాద. మర్దాన్ రెండు వందల గుర్రాల ఆసామి, పైగా నాకు వియ్యంకుడు. నా కూతురు ఆ ఇంటి కోడలు. డిగ్రీవాడు రానంటాడనుకుంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని నాకంటే ముందు తయారయ్యాడు. ఇంత చదివినా తిండికి మొహం వాచిపోయినట్టున్నాడని లోపల నవ్వుకున్నాను.

మాంసంతో సహా పేగులో కూరి ఉడికించిన పక్కటెముకను మర్దాన్ స్వయంగా నా పళ్ళెంలో పెట్టాడు. వియ్యంకుడికి కాక ఇంకెవరికని నలుగురూ వినేలా అన్నాడు. కొవ్వు వేళ్ళ మీదుగా కారుతోంది. సగం తిన్నాక నా బొటనవేలికి బుడిపె తగిలింది.

అప్పుడే తెలిసిపోయింది నాకు. ముద్ద గొంతు దిగలేదని అబద్ధం చెప్పను, దిగింది. రెండు వందల గుర్రాలున్నవాడికి ఆ విధవరాలి ఒక్క గుర్రమే కావలసి వచ్చింది, థూ. కానీ నా కూతురు అక్కడే టీ పోస్తోంది. విందు అయ్యాక మిగిలిన మాంసం ఇళ్ళకు పట్టుకెళ్ళాలని అందరూ సంచుల్లో సర్దుకుంటున్నారు. ఆ ఎముకను నేనూ నా సంచిలో వేసుకున్నాను. డిగ్రీవాడు నా పక్కనే కూర్చుని ఉల్లిపాయ ముక్కలు ఏరుకుంటున్నాడు. ఇంటికెళ్ళి ఎముకను కుక్కకు పడేశాను.

సోమవారం కులియాష్ వచ్చి బెంచీ మీద కూర్చుంది. గుర్రం దొరికితే తోలుకుపోదామని చేతిలో కళ్ళెం కూడా తెచ్చుకుంది. అల్డియార్ పన్నెండు కొట్టేదాకా తన కాగితాలు చూసుకున్నాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, ఆమెకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"మీరే తెస్తారని పొద్దున్నుంచీ చూస్తున్నాను బాబాయ్."

"ఏంటి తెచ్చేది?"

"నిన్న మీ బొటనవేలు ఆగిన ఎముక, మీ సంచిలోకి వెళ్ళింది. నేను వచ్చి సోదా చేస్తే మీ ఉద్యోగం పోతుంది. మీరే తెస్తే, మీరే తెచ్చారని రాస్తాను."

నా వయసెంత, వీడి వయసెంత! బూతులు తిట్టడానికే నోరు తెరిచాను. కులియాష్ కళ్ళెం తోలును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నోరు మూసుకుని ఇంటికి నడిచాను.

కుక్క ఎముకను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది, ఇవ్వదు. ఇరవై రెండేళ్ళ సార్జెంటుని, యూనిఫాంతో మంచులో మోకాళ్ళ మీద కూలబడి, ఎముక కోసం కుక్కతో పెనుగులాడాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, వియ్యంకుడి ఇంట్లో కడుపు నిండలేదా అని అడిగింది. ఎముక రెండు చివరలూ అప్పటికే నమిలేసింది కుక్క. బుడిపె గట్టిది కాబట్టి మిగిలింది.

ఠాణాలో కులియాష్ ఆ బుడిపెను బొటనవేలితో ఒక్కసారి తడిమింది. కళ్ళెం తీసి బల్ల మీద పెట్టేసింది. అల్డియార్ కాగితం తీశాడు.

"దీని మీద పళ్ళ గాట్లున్నాయి బాబాయ్. ఎవరివని రాయను?"

"కుక్కవి."

రాశాడు. అంతటితో ఊరుకుంటే ఆ ఎముక ఏ ఇంటిదో కాగితం మీదికి ఎక్కదు. ఆ విందులో నేను తిన్నానని చెబితే మర్దాన్ దొరుకుతాడు, నా కూతురికి ఆ ఇంట్లో నిలవనీడ ఉండదు. అల్డియార్ కలం ఎత్తకుండా కాగితం మీదే ఆనించి ఉంచాడు.

"నావీ ఉన్నాయి, రాసుకో," అన్నాను.

వాడు తలెత్తి నన్ను చూడలేదు. కుక్క పక్కన కామా పెట్టి నా పేరు రాశాడు.