నురగ ఎత్తు

ఇంకొక్క నిమిషం ఆగితే దీపం తనంతట తానే ఆరిపోతుంది, ఆలోగా చేతులు కడుక్కుందామంటే కుళాయిలో నీళ్ళు లేవు, వేసవి వస్తే స్ఫాక్స్ ఊరంతా ఇంతే, సముద్రం పక్కన కూర్చుని గొంతులు ఎండబెట్టుకుంటాం, సరేలే, కాలేజీ ప్రయోగశాలలో నేనొక్కదాన్నే, పెట్టెలో అతినీలలోహిత దీపం కింద మూడు గాజు గిన్నెలు, మూడింట్లోనూ రొట్టెల కొట్లో దొరికే మామూలు ఈస్టే, నీళ్ళలో కలిపింది, ఒకదానికి నల్ల కాగితం చుట్టాను, రెండోదాన్ని బార్లా తెరిచి వదిలేశాను, మూడోదాని మీద దూజా అత్త కుట్టుచట్రం, చట్రంలో రెండు పొరలుగా బిగించిన సఫ్సారీ ముక్క, ఆవిడ పెళ్ళినాడు ఒంటినిండా కప్పుకున్న తెల్ల ముసుగు అది, పది నిమిషాలు కిరణాలు తిననిచ్చి ఆపైన పెరాక్సైడ్ పోస్తే చాలు, ఈస్టులో ఎంజైము బాగుంటే నురగ బుసబుసా లేస్తుంది, దెబ్బతింటే లేవదు, పదిహేనేళ్ళుగా పిల్లలకి నేను నేర్పేది ఇదే, లేవాలి, గుడ్డ కింది గిన్నెలో నురగ లేచి తీరాలి, లేస్తే గుడ్డ మంచిది, గుడ్డ మంచిదైతే నా యుస్రా కన్ను పోవడానికి కారణం అత్తే, పెరట్లో ఆ గుడ్డ పందిరి కింద ఉంచాల్సిన పిల్లని ఎండలోకి తీసుకెళ్ళింది అత్తే.

నిన్న ట్యూనిస్‌లో డాక్టరు ఎడమ రెప్ప కింది పుండుని చాలాసేపు చూసి, కన్ను తీసేయాలమ్మా, గురువారం తీసుకురండి, ఆలస్యం చేస్తే ఎముకలోకి దిగుతుంది, అన్నాడు, ఏడేళ్ళ పిల్ల కుర్చీలో కాళ్ళూపుకుంటూ, అమ్మా, ఒక్క కన్నుంటే నిద్ర కూడా సగమే పోవాలా, అని అడిగింది, డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు, ఎండ పడకూడని ఇలాంటి వాళ్ళని వెన్నెల పిల్లలంటారట, ఎవడు పెట్టాడో ఆ పేరు, వాడింట్లో ఈ జబ్బు లేదు కనుక అంత ముద్దుగా పెట్టాడు, ఎండ చేసిన గాయాన్ని లోపల్లోపలే మాన్పుకునే ఎంజైములు అందరికీ ఉంటాయి, యుస్రాకి అందులో ఒకటి పనిచేయదు, ఈస్టుకైతే అవన్నీ ఉండగా పైన ఇంకో వరం కూడా, కిరణాలు తిన్న ఈస్టుని కిటికీ దగ్గర పెడితే ఆ వెలుతురే దాన్ని కొంత బాగుచేస్తుంది, అందుకే మేం తెరలు దించి మసక చీకట్లో పనిచేస్తాం, రొట్టె పొంగించే బూజుకి ఇచ్చావు, అల్లా, నా బిడ్డకి ఇవ్వడానికి నీ చెయ్యి రాలేదా.

మేనత్త కొడుకుని చేసుకుంటే ఇలాంటి పిల్లలే పుడతారని పక్కింటావిడ అంటే, పుట్టింది మా ఇంట్లో, ఏడిస్తే మేం ఏడుస్తాం, నీకెందుకే నొప్పి, అని వీధి దద్దరిల్లేలా అరిచింది దూజా అత్తే, మా నాన్న చెల్లెలు, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది, పిల్ల పెరట్లో ఆడుకుంటానని ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంటే రెండేళ్ళ కిందట పెట్టె తెరిచి సఫ్సారీ తీసి, దీన్ని రెండు పొరలు చేసి పెరటి మీద పందిరి కడదామే, సాయంత్రం ఓ గంట దాని కింద ఆడుకుంటుంది పిచ్చిది, అంది, అంతలోనే గుడ్డని వేళ్ళ మధ్య నలుపుతూ, పలచనగా ఉందే నజీహా, అవతల నా చెయ్యి కనిపిస్తోంది, నాకు భయంగా ఉంది, అంది, నేను నవ్వి, భయమెందుకత్తా, ఈస్టుని అడుగుదాం, అది అబద్ధం చెప్పదు, అని ఒక ముక్క తెచ్చి ఇదే దీపం కింద పెట్టాను, నురగ వేలెడెత్తు లేచింది, ఫొటో తీసి చూపిస్తే ఆవిడ మొహం చాటంత చేసుకుని తన కొడుకు, నా మొగుడు లస్సాద్‌ని నిచ్చెన ఎక్కించి పందిరి కట్టించింది, ఆ రోజు నుంచి సాయంత్రాలన్నీ నాయనమ్మా మనవరాలే.

అలాంటి మనిషిని నిన్న వాకిట్లోనే పట్టుకున్నాను, చెప్పు, ఎప్పుడు తీసుకెళ్ళావు ఎండలోకి, అంగడికా, సముద్రానికా, ఒక్కపూట కూడా పందిరి దాటనివ్వలేదే, నా కళ్ళ మీద ఒట్టు, అంది, ఒట్టెయ్యడానికి నీకింకా రెండు కళ్ళూ ఉన్నాయిగా అత్తా, అన్నాను, ఆ మాట అన్నది ఈ నోరే, లస్సాద్, ఇక చాల్లే నజీహా, అన్నాడు కానీ తల్లి వైపు చూడలేదు, అతనికీ అనుమానమే, ఆవిడ సంచీ సర్దుకుని మహ్దియాలో కూతురింటికి బయల్దేరింది, గడప దగ్గర ఆగి, నీ ఈస్టునే అడుగు, తప్పు నాదని అది చెబితే మళ్ళీ ఈ గడప తొక్కను, అంది, చట్రం మాత్రం మరిచిపోయింది, పందిరికి పోగా మిగిలిన ముక్క మీద యుస్రా పేరు కుడుతోంది, సగం పేరు దగ్గర సూది అలాగే గుచ్చి ఉంది.

దీపం ఆరింది, నల్ల కాగితం గిన్నెలోది గొట్టంలో పోసి పెరాక్సైడ్ వేశాను, నురగ వేలెడు, బాగుంది, తెరిచిపెట్టిన గిన్నెది అడుగున నాలుగు బుడగలు, అదీ బాగుంది, ఇక గుడ్డ కిందిది, పోశాను, లేవడం లేదు, ఇంకో నిమిషం, గోరంత లేచి నిలిచిపోయింది, పెరాక్సైడ్ పాతదా, కాదు, మొదటి గొట్టంలో లేచిందిగా, గుడ్డ ఎండకి చివికిందా, చివికితే ఎవరి తప్పూ కాదు, చివికే ఉంటుంది, కానీ పందిరి గుడ్డ ఇది కాదే, పెట్టెలోంచి చట్రంలోకి వచ్చిన కొత్త ముక్క, ఒక్కనాడూ ఎండ మొహం చూడనిది, అలాంటప్పుడు రెండేళ్ళ కిందట ఎలా లేచింది, ఎలా లేచింది, తలుపు తోసుకుని తోటి టీచరు హయత్ వచ్చింది, కాఫీ తాగుతావా, రంగు అలా పాలిపోయిందేంటి, ఏంటది, కుట్టుచట్రమా, భలే తెలివి నీది, గుడ్డ దానంతట అదే నిలబడుతుంది, గిన్నెలో నూగు రాలదు, మూత పెట్టే పనే లేదు, అని కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మూత, ఆనాడు గుడ్డ నూగు ఈస్టులో రాలుతుందని గిన్నెకి గాజు మూత పెట్టి, ఆ మూత మీద గుడ్డ పరిచాను, ఈ దీపపు కిరణం గాజు దాటదు, ఏటా మొదటి క్లాసులో మొదటి మాట అదే, మూతలు తీయండ్రా గాడిదల్లారా, మూత ఉంటే ఏం చూస్తారు, అని బల్ల గుద్ది మరీ చెబుతాను, పిల్లలకి చెప్పి నేనే, నేనే, ఈస్టు రెండుసార్లూ నిజమే చెప్పింది, ఆనాడు దాన్ని కాపాడింది మూత, అత్త వేళ్ళకి తెలిసింది గుడ్డ పలచనని, ఆ వేళ్ళని చూసి నేను నవ్వాను, మహ్దియాకి ఫోన్ చేశాను, మొదటి మోతకే ఎత్తింది, హలో కూడా అనకుండా, ఏమందే నీ ఈస్టు, అంది, వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, అత్తా, నీ చట్రం ఇక్కడే ఉంది, వచ్చెయ్యి, అన్నాను, ముందది చెప్పు, నేనేనా, అంది, ఆ గొంతులో నిజంగానే భయం, పందిరి దాటించానేమోనని తనని తనే అనుమానించే భయం, ఆ భయం కూడా నేను పెట్టిందే, కాదత్తా, రెండేళ్ళ పాటు ప్రతి సాయంత్రం నా బిడ్డని ఎండలో కూర్చోబెట్టింది నేను.