హరిలాల్ కుడికాలు

తండాలో కారున్నది ఒక్క హరిలాల్‌కే. తనకు డ్రైవింగ్ ఎవరూ నేర్పలేదని, మూడేళ్ళ కిందట పాత కారు కొనుక్కొచ్చి కోతలైన పొలాల్లో తిప్పుతూ తానే నేర్చుకున్నానని అడిగినవాళ్ళందరికీ చెప్పేవాడు. అడగనివాళ్ళకు ఇంకాస్త వివరంగా చెప్పేవాడు.

కొన్నప్పటి నుంచీ ఆ కారుకో జబ్బుంది. స్టార్ట్ చేసి ఊరుకుంటే చాలు, ఎవరో కాలు పెట్టి తొక్కుతున్నట్టు ఇంజను గయ్యిమని అరిచేది. క్లచ్ వదలగానే దానంతటదే ఉరికేది. పెట్రోలు నీళ్ళలా తాగేది. మొన్న కొడకండ్ల అంగట్లో బ్రేకు తొక్కినా ముందుకు నెట్టుకుంటూ ఒక మేకపిల్ల మీదికి పోబోయింది. దాంతో హడలిపోయి, పెద్దవంగరలో సదానందం షెడ్డుకు తీసుకుపోయాడు.

సదానందం మాటలు తక్కువ మనిషి. బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజను దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఒక సన్నటి రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్ళతో నొక్కిపట్టాడు. అరుపు సగానికి దిగింది.

"గొట్టం పగిలింది తమ్మీ. పగిలినకాడ గాలి గుంజుతుంది. దానికి తోడు ఎవలో రేస్ పెంచే స్క్రూ గూడ ఎక్కువ తిప్పిండ్రు."

గొట్టం మార్చి, స్క్రూ తగ్గించాడు. ఇంజను ఎంత నెమ్మదించిందంటే, ఆగిపోయిందనుకుని హరిలాల్ మళ్ళీ తాళం తిప్పబోయాడు. ట్రయల్ చూడాలంటూ సదానందమే తండా దాకా నడుపుకొచ్చి, కారు అప్పగించి ఆటోలో వెళ్ళిపోయాడు.

తెల్లారి బలరాం బిడ్డ సుమను అత్తగారింటికి పంపే రోజు. ఐదు నెలల పిల్లతో తొలిసారి టేకుమట్ల పోతోంది. బస్సెందుకు, నా కారు లేదా అని హరిలాలే నెల కిందట మాటిచ్చాడు. తండా అంతా రోడ్డు మీదే ఉంది. ఆడవాళ్ళు ఆనవాయితీగా సుమ మెడ పట్టుకుని పాటలు కట్టి ఏడ్చి, కారెక్కించారు. హరిలాల్ చలువద్దాలు పెట్టుకుని, గేరు వేసి, క్లచ్ వదిలాడు. కారు ఒక్క కుదుపు కుదిపి చచ్చింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు, మళ్ళీ చచ్చింది. ఏడోసారికి పిల్ల గుక్కపట్టింది, ఏడుస్తున్న ఆడవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. సుమ దిగి ఆటో ఎక్కింది.

సదానందం బండిని పాడుచేశాడని హరిలాల్ తమ లంబాడీ బాసలో, అందులో ఉన్న తిట్లన్నీ కలిపి అరిచాడు. అందరూ నమ్మారు. తండాలోని సక్రు అయితే తన ట్రాక్టరు రిపేరుకు ఆ షెడ్డులోనే ఉందని గుర్తొచ్చి, తెచ్చేసుకుంటానని అప్పటికప్పుడే కాలినడకన బయలుదేరాడు. బలరాం తన ట్రాక్టరుకు తాడు కట్టి, కారును షెడ్డుకు లాక్కొచ్చాడు.

షెడ్డు ముందు నలుగురైదుగురున్నారు. వాళ్ళంతా వినాలనే హరిలాల్ గొంతు పెంచాడు.

"చేతగాకపోతే చేతగాదని చెప్పాలె గదా అన్నా! తండల నా ఇజ్జత్ తీసినవ్!"

సదానందం చేతులు తుడుచుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. హరిలాల్‌ను పక్కన కూర్చోమన్నాడు. కారు మెత్తగా కదిలింది. ఊరు దాటాక ఒక ఎత్తులో ఆపి, ఆ ఎత్తులోనే మళ్ళీ కదిలించి చూపాడు. తర్వాత సీటు మారాడు. హరిలాల్ క్లచ్ వదిలాడు. చచ్చింది.

"క్లచ్ ఇడిసేటప్పుడు నీ కుడికాలు యాడుంటది తమ్మీ?"

హరిలాల్ కిందికి చూసుకున్నాడు. కుడికాలు ఏ పనీ లేని చుట్టంలా ఓ పక్కన ఊరికే ఉంది. కదిలాక యాక్సిలరేటర్ తొక్కేవాడే గానీ, మూడేళ్ళలో ఒక్కసారి కూడా కారును ఆ కాలు కదిలించలేదు. కదిలించింది పగిలిన గొట్టం. సిగ్గుతో చెవుల దాకా వేడెక్కింది. పురిటినొప్పులు పడుతున్న సుమను మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయింది ఈ కాలితోనే.

"పరేషాన్ గాకు" అన్నాడు సదానందం. "కావాల్నంటే స్క్రూ తిప్పి మళ్ళ రేస్ పెంచుత. పాతలెక్కనే ఉరుకుతది. ఎవలకు తెల్వది."

ఆ మాటలో వెక్కిరింపు లేదు. ఉంటే బాగుండేది, కోపమైనా వచ్చేది. హరిలాల్ సరేనన్నట్టు తలూపాడు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి బలరాం పక్కన సక్రు కూడా ఉన్నాడు. ఏమైందట అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. సదానందం స్క్రూడ్రైవర్ అందుకుని బానెట్ ఎత్తాడు.

"నాదే తప్పు. స్క్రూ మరీ తక్కువ వెట్టిన."

"అందుకే నా ట్రాక్టర్ నాకియ్యి" అన్నాడు సక్రు. సదానందం గోడకున్న మేకు నుంచి తాళం తీసి ఇచ్చాడు.

ఇంతసేపూ హరిలాల్ సిగ్గుపడింది తనకు డ్రైవింగ్ రానందుకు. ఇప్పుడు ముంచుకొచ్చిన సిగ్గు ముందు అది ఏపాటిది! తన పరువు కోసం ఈ మనిషి తన పరువు వదులుకుంటుంటే, తాను దొంగలా నిలబడి చూస్తున్నాడు.

"తిప్పకన్నా" అన్నాడు. ఎవరికీ వినబడలేదు. పొద్దున తిట్టిన గొంతుతోనే మళ్ళీ అనాల్సి వచ్చింది. "స్క్రూ ముట్టుకోకు! బండి మంచిగనే ఉన్నది. నాకే తోలరాదు. మూడేండ్లసంది రాదు!"

బలరాం మెల్లగా అడిగాడు.

"మరి మా సుమను దవాఖానకు తోల్కపోయినవు గదరా?"

"గొట్టం తోల్కపోయింది కాకా."

సక్రు తాళం తిరిగి మేకుకు తగిలించాడు. బలరాం తాడు కట్టబోతే హరిలాల్ వద్దన్నాడు. సదానందం పక్క సీట్లో కూర్చున్నాడు. తండా చేరేలోగా కారు పదకొండుసార్లు చచ్చింది. ఆఖరి మూడుసార్లూ పొద్దున చచ్చిన చోటే. ఆడవాళ్ళు మళ్ళీ నవ్వుతున్నారు.

"కుడికాలు యాడుంది తమ్మీ?" అని సదానందం అడిగాడు. హరిలాల్ తల దించి చూసుకుని, "మళ్ళ ఊకెనే ఉన్నదన్నా!" అని అందరికీ వినబడేలా జవాబు చెప్పాడు.