ఒకటే గీత

"పిడికిలి బిగించండి అన్నయ్యా, వదిన గొంతు వినపడిందనుకోండి!"

బెంచీ మీదున్న వాళ్ళు నవ్వేలోపే జక్కయ్య సూది దించి రక్తం లాగేశాడు. చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది గానీ నోరు ఎక్కడా ఆగలేదు. బానపొట్ట, బట్టతల, పటమటలో ఆ చిన్న ల్యాబు. ఇదే ఆయన లోకం. కామెర్ల పరీక్షకి కార్డు మీద రక్తపు చుక్క వేస్తాడు. రెండు గీతలొస్తే జబ్బున్నట్టు, ఒకటే వస్తే లేనట్టు. ఒకటే వస్తే "పాస్!" అని హాలంతా వినపడేలా కేకేస్తాడు.

చేపలమ్మే నాగమల్లేశ్వరి గంప గుమ్మంలో దించి, తల మీది చుట్టకుదురు చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. ఎండాకాలంలో మొగుడు గంగాధర్‌ని వెంటబెట్టుకొచ్చిన మనిషే. అప్పుడతని కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. కార్డు మీద మాత్రం ఒకటే గీత. "పాసయ్యావోయ్ అల్లుడూ! ఇవి కామెర్లు కావు, కల్లు ముంత మహిమ!" అన్నాడు జక్కయ్య. "నేను తాగనండీ" అన్నాడు గంగాధర్. "తాగినోళ్ళంతా చెప్పే మాటే అది!" హాలు గొల్లుమంది. గంగాధర్ తల దించుకున్నాడు.

"రామ్మా మల్లేశ్వరీ! అల్లుడేడీ? ఇంకా మత్తు దిగలేదా?" అన్నాడు ఇవాళ కూడా.

ఆమె నవ్వలేదు. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

"ఆయన పోయాడు బాబాయ్. పెద్దాసుపత్రిలో రక్తం తీసి ఇంకేదో పరీక్షకి పంపారు. పోయాక వచ్చింది రిపోర్టు. కామెర్ల పురుగేనంట. పైచొక్కా మార్చేసుకుందంట అది. మీ కార్డేమో పాత చొక్కానే గుర్తుపడుద్దంట. అంటుకునే జబ్బంట, నన్నూ చూపించుకోమన్నారు. మీకీ సంగతి చెప్పాలని ముందు ఇక్కడికే వచ్చా."

జక్కయ్యకి నరం దొరకలేదు. సూది తీసి మళ్ళీ గుచ్చాడు. ఆయన చేతిలో అలా జరగడం ఎవరూ చూడలేదు.

"పర్లేదు బాబాయ్" అందామె.

కార్డు మీద ఎరుపు పాకింది. ఒకటే గీత. బెంచీ మీదున్న వాళ్ళు కేక కోసం ఇటు చూశారు. ఆయన కార్డు బోర్లించాడు.

"దీన్ని నమ్మొద్దమ్మా. ఆ పెద్ద పరీక్షే చేయించుకో. ఇవాళే వెళ్ళు." తర్వాత బెంచీ వైపు తిరిగాడు. ఈసారి జోకులేసే గొంతుతో కాదు. "ఈమె మొగుడు తాగుబోతు కాదండీ. ఆ మాటన్నది నేను."

ఎవరూ నవ్వలేదు. అందులో చాలామందికి ఆ సంగతే తెలియదు.

నాగమల్లేశ్వరి మోచేతి మీది దూదిని నొక్కిపట్టుకుని లేచింది.

"మీ మాట పట్టుకుని కంచం ముందు కూర్చున్నప్పుడల్లా తిట్టాను బాబాయ్. తాగలేదే అని ఒట్టేసేవాడు. ఇప్పుడు నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకి తెలీదు."

ఆటో పిలుచుకుని, గంప అందులో పెట్టుకుని వెళ్ళిపోయింది. జక్కయ్య తర్వాతి మనిషిని పిలవలేదు. ఆమె కూర్చున్న కుర్చీలో, మగాడి గళ్ళలుంగీ చింపి మెలిపెట్టిన చుట్టకుదురు, గంప బరువుకి నడుమ అణిగి, చేపల నీళ్ళతో ఇంకా తడిగా ఉంది.